వాసా యుద్ధనౌక నమూనా: బద్దలు లేవకుండా, సందులు రాకుండా హల్ కట్టడం ఎలా?

హల్ అంటే ఓడ ఒళ్లు, దాని మీద పరిచే సన్నటి చెక్క పట్టీలే బద్దలు, ఓడ ముందు కొసే ముక్కు. చెక్క ఓడల నమూనాలు కట్టేవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగేది ఒకటే. "బద్దలు ముక్కు దగ్గరికి వచ్చేసరికి ఒక అంచు పైకి లేచిపోతోంది, ఏం చేయాలి?" దాని వెంటే ఇంకో ప్రశ్న వస్తుంది. "కింద సందులు మిగిలిపోయాయి, లప్పం పెట్టేస్తే సరిపోతుందా?"

ఒక్కొక్కరికి విడిగా జవాబు రాస్తూ వచ్చాను. ఇప్పుడు అంతా ఒకచోట పెడుతున్నాను. ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. బద్ద లేచినప్పుడు తప్పు దాదాపుగా ఆ బద్దలో ఉండదు. మొదటి బద్ద అంటించక ముందే, కింద ఉన్న అస్థిపంజరంలో జరిగి ఉంటుంది. అందుకే ఇందులో సగానికి పైగా హల్ గురించే ఉంటుంది. ఫిరంగులు, తెరచాప స్తంభాలు, తాళ్ల గురించి అవసరమైనంతే చెబుతాను. హల్ సరిగ్గా వస్తే మిగతావి ఓపికతో అయిపోతాయి. హల్ వంకరగా ఉంటే పైన ఎంత అందంగా తాళ్లు కట్టినా ఆ వంకరే కనిపిస్తుంది.

ఉదాహరణగా స్వీడన్ యుద్ధనౌక వాసాను తీసుకుంటున్నాను. ఇది 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్ నుంచి మొదటిసారి బయలుదేరి, దాదాపు 1,300 మీటర్లు వెళ్లి మునిగిపోయింది. 333 ఏళ్ల తర్వాత, 1961 ఏప్రిల్ 24న, పైకి తీశారు. ఇప్పుడు స్టాక్‌హోమ్‌లోనే, 1990లో తెరిచిన వాసా మ్యూజియంలో ఉంది. నమూనా కట్టేవాళ్లకు ఇంతకంటే మంచి ఓడ లేదని నా నమ్మకం. 17వ శతాబ్దపు ఓడల్లో చాలావాటి గురించి మనకున్న ఆధారం బొమ్మలూ, రాతలే. వాసా విషయంలో అసలు ఓడే కళ్లముందు నిలబడి ఉంది. అనుమానం వస్తే ఫోటో చూసి తేల్చుకోవచ్చు.

ముందు కొలతలు రాసుకోండి

ఇక్కడ 1:75 స్కేలు అనుకుందాం. అంటే అసలు ఓడలో 75 సెంటీమీటర్లు మీ బల్ల మీద 1 సెంటీమీటరు. ఈ ఐదు కొలతలు కాగితం మీద రాసి గోడకు అంటించండి. చివరిదాకా పనికొస్తాయి.

- ముక్కు దూలంతో (ఓడ ముందు కొస నుంచి ముందుకు పొడుచుకొచ్చే దూలం) కలిపి పొడవు: అసలు 69 మీటర్లు, నమూనాలో 92 సెం.మీ.
- గరిష్ఠ వెడల్పు: 11.7 మీటర్లు, నమూనాలో 15.6 సెం.మీ.
- నీటిలో మునిగే లోతు: 4.8 మీటర్లు, నమూనాలో 6.4 సెం.మీ.
- ఓడ వెనక భాగం ఎత్తు: 19.3 మీటర్లు, నమూనాలో 25.7 సెం.మీ.
- పెద్ద స్తంభం కొస ఎత్తు: 52.5 మీటర్లు, నమూనాలో 70 సెం.మీ.

దీంతోపాటు 2.2 సెం.మీ. ఎత్తున్న మనిషి బొమ్మను అట్టతో కత్తిరించి దగ్గర పెట్టుకోండి. స్కేలులో అతను 165 సెం.మీ. మనిషి. మెట్లు, తలుపులు, రెయిలింగులు ఏది బిగించినా ముందు అతన్ని పక్కన నిలబెట్టి చూడండి. తలుపు అతని నడుము దాకా వస్తే ఎక్కడో తప్పు జరిగినట్టే. కిట్లలో వచ్చే మెట్లు, లాంతర్లు చాలాసార్లు స్కేలుకు మించి పెద్దగా ఉంటాయి. ఈ అట్ట మనిషి ఆ తప్పును వెంటనే పట్టిస్తాడు.

కావలసినవి

- 5 మి.మీ. ప్లైవుడ్‌తో కోసిన వెన్ను పలక (ఓడ పొడవునా నిలిచే మధ్య పలక), అడ్డ పలకలు (దానికి అడ్డంగా నిలిచేవి). కిట్ కొంటే ఇవి అందులోనే వస్తాయి.
- మొదటి పొరకు 1.5 మి.మీ. మందం, 5 మి.మీ. వెడల్పు ఉన్న మెత్తటి చెక్క బద్దలు. బాస్‌వుడ్ బాగుంటుంది.
- రెండో పొరకు 0.5 మి.మీ. మందం, 4 మి.మీ. వెడల్పు బద్దలు. వాల్‌నట్ లేదా పియర్. అసలు వాసా ఓక్‌తో కట్టిందే, అయినా ఓక్ వాడకండి. దాని పోగు ముతక. చిన్న స్కేలులో ఆ గీతలు భూతద్దంలో చూసినట్టు పెద్దగా కనబడతాయి.
- తెల్ల జిగురు, కొద్దిగా సూపర్ గ్లూ.
- 120, 180, 240, 400 నంబర్ల ఉప్పుకాగితం. దాన్ని చుట్టడానికి సుమారు 20 సెం.మీ. పొడవైన చదును చెక్క.
- చిన్న చిత్రిక లేదా పదునైన కత్తి, మెటల్ స్కేలు, మూలమట్టం, పెన్సిలు.
- బట్టల క్లిప్పులు, గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు.
- బద్దలు వంచడానికి వేడి పరికరం. పాత సోల్డరింగ్ ఐరన్ చాలు.
- ఒక టేబుల్ లాంప్, ఒక చేతి అద్దం. ఈ రెండింటినీ తేలిగ్గా తీసుకోకండి. తప్పులు చూపించేవి ఇవే.

రుద్దేటప్పుడు మాస్క్ తప్పనిసరి. వాల్‌నట్ పొడి చాలామందికి గొంతులో, కళ్లలో మంట పుట్టిస్తుంది. సూపర్ గ్లూ వాడితే కిటికీ తెరవండి.

1. వెన్ను పలక తిన్నగా ఉందో లేదో చూడండి

వెన్ను పలకను గాజు పలక మీద పడుకోబెట్టండి. ఒక చివర వేలితో నొక్కితే రెండో చివర లేస్తోందా? లేస్తే దాంతో ముందుకు వెళ్లకండి. కొద్దిగా వంగి ఉంటే తడి గుడ్డతో తుడిచి, రెండు చదును పలకల మధ్య బరువు పెట్టి రెండు రోజులు వదిలేయండి. ఆరిన తర్వాత మళ్లీ చూడండి. అప్పటికీ వంకరగానే ఉంటే కొత్త ప్లైవుడ్ మీద అదే ఆకారం గీసి కోసుకోండి. ఒక రోజు పని అదనం. తిన్నగా లేని పలక మీద కట్టిన ఓడను తర్వాత ఎవరూ సరిచేయలేరు.

2. అడ్డ పలకలు నిలబెట్టండి

ముందు జిగురు లేకుండా అన్నింటినీ వాటి గాడుల్లో దించి చూడండి. బిగుతుగా ఉంటే సుత్తితో కొట్టకండి, గాడిని ఆకురాయితో కొద్దిగా రుద్దండి. వదులుగా ఉంటే పల్చటి చెక్క పొర ఒకటి అంటించండి.

తర్వాత ఒక్కొక్కదాన్నే జిగురు పెట్టి, మూలమట్టం ఆనించి, 90 డిగ్రీలు వచ్చాకే వదలండి. అన్నింటినీ ఒకేసారి అంటించాలనే తొందర వద్దు. మధ్యలోది మొదలుపెట్టి రెండు వైపులా వెళ్లండి.

జిగురు ఆరాక పై నుంచి కిందికి చూడండి. అడ్డ పలకలన్నీ ఒకదాని వెనక ఒకటి సమాంతరంగా నిలబడాలి. ఒక్కటి పక్కకు తిరిగి ఉన్నా ఇప్పుడే విప్పండి. తెల్ల జిగురు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు వేసి పావుగంట ఆగితే మెత్తబడుతుంది. సూపర్ గ్లూ అయితే అసిటోన్ కావాలి.

ముక్కు దగ్గరా, వెనక చివరా అడ్డ పలకల మధ్య ఖాళీల్లో మెత్తటి చెక్క దిమ్మలు నింపండి. ఈ పని కిట్ కాగితంలో తరచుగా ఉండదు. కానీ వాసా ముక్కు బాగా గుండ్రంగా తిరుగుతుంది. అంత తక్కువ దూరంలో బద్దకు రెండే ఆధారాలుంటే మధ్యలో చదునుగా పడిపోతుంది. కింద దిమ్మ ఉంటే బద్ద దాని మీద ఆనుకుని సరైన గుండ్రం తీసుకుంటుంది.

3. అంచులు వాలుగా రుద్దడం: అసలు పని ఇదే

అడ్డ పలక అంచు కోసినప్పుడు లంబకోణంలో ఉంటుంది. కానీ బద్ద దాని మీదుగా ఏటవాలుగా వెళ్తుంది. అంచును ఆ వాలుకు రుద్దకపోతే బద్ద ఒక్క మూల మీదే ఆనుతుంది. జిగురు పట్టదు. పైనుంచి నొక్కితే పక్క బద్ద లేస్తుంది. నన్ను అడిగే "బద్ద లేచింది" కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడ పుట్టినవే.

పొడవైన చెక్కకు 120 నంబర్ ఉప్పుకాగితం చుట్టి, ఒకేసారి రెండు మూడు అడ్డ పలకల మీదుగా రుద్దండి. వేళ్లతో కాగితం పట్టుకుని ఒక్కో పలకను విడిగా రుద్దితే గుంటలు పడతాయి. లేజర్‌తో కోసిన పలకలైతే అంచు నల్లగా మాడి ఉంటుంది. ఆ నలుపు మీకు సాయం చేస్తుంది. ఎక్కడ నలుపు పోయిందో అక్కడ కాగితం తగిలింది, ఎక్కడ మిగిలిందో అక్కడ ఇంకా తగల్లేదు. లేజర్ కోత కాకపోతే అంచుల మీద పెన్సిలు రుద్ది పెట్టుకోండి, అదే పని చేస్తుంది.

ఓడ మధ్య భాగంలో దాదాపు ఏమీ రుద్దక్కర్లేదు. ముక్కు, వెనక భాగాల దగ్గరకు వెళ్లేకొద్దీ వాలు పెరుగుతుంది.

ఎప్పుడు ఆపాలి? ఒక పొడి బద్దను తీసుకుని ముక్కు నుంచి వెనక దాకా, అడ్డ పలకల మీదుగా చేత్తో ఆనించి పట్టుకోండి. ప్రతి పలక దగ్గరా అది పూర్తి మందం మీద ఆనాలి. ఇప్పుడు లాంప్‌ను అవతల వైపు పెట్టండి. బద్దకూ పలకకూ మధ్య వెలుతురు గీత కనిపిస్తే అక్కడ పలక లోపలికి ఉంది. అక్కడ పల్చటి చెక్క ముక్క అంటించి మళ్లీ రుద్దండి. ఒకచోట బద్ద గూనిలా పైకి లేస్తే ఆ పలక ఎత్తుగా ఉంది. ఈ పరీక్షను పైన, మధ్యలో, నీటి గీత దగ్గర, అడుగున, నాలుగు ఎత్తుల్లో రెండు వైపులా చేయండి. నేను ఈ ఒక్క మెట్టుకు వారం పాటు సాయంత్రాలు ఇస్తాను. ఆ వారం తర్వాత నెల రోజుల కష్టాన్ని తప్పిస్తుంది.

4. వెనక అడుగు భాగం పల్చన చేయండి

చుక్కాని బిగించే నిలువు దూలం దగ్గరికి వచ్చేసరికి రెండు వైపుల బద్దలూ కలుసుకుంటాయి. లెక్క వేయండి. ఒక వైపు మొదటి పొర 1.5 మి.మీ., రెండో పొర 0.5 మి.మీ., మొత్తం 2 మి.మీ. రెండు వైపులా కలిపి 4 మి.మీ. నిలువు దూలం మందం 5 మి.మీ. అయితే, అక్కడ వెన్ను పలక 1 మి.మీ. మాత్రమే మిగలాలి. ఐదుకు ఐదూ వదిలేస్తే వెనక భాగం 9 మి.మీ. లావుగా తేలి, దూలం లోపలికి కూరుకుపోయినట్టు కనిపిస్తుంది.

ఎక్కడిదాకా పల్చన చేయాలో పెన్సిలుతో వంపు గీత గీసి, ఉలితో, తర్వాత ఉప్పుకాగితంతో తగ్గించండి. రెండు ముక్కల బద్దలను రెండు వైపులా పట్టుకుని దూలం పక్కన పెట్టి చూస్తే సరిపోయిందో లేదో తెలిసిపోతుంది.

5. ఫిరంగి కిటికీల గీతలు

వాసా మీద 64 ఫిరంగులు, అందులో 48 పెద్దవి. ఆ పెద్దవి రెండు పూర్తి అంతస్తుల్లో ఉన్నాయి. కిటికీలు ఎక్కడ వస్తాయో బద్దలు వేయకముందే గుర్తు పెట్టుకోవాలి. కిటికీల వరస డెక్ వంపును అనుసరించి ముక్కు దగ్గరా, వెనకా పైకి లేస్తుంది. కానీ ఒక్కో కిటికీ పక్క అంచులు మాత్రం నిలువుగానే ఉండాలి. వరస వంపుతో పాటు కిటికీని కూడా పక్కకు వాల్చేయడం చాలామంది చేసే పొరపాటు.

ఎత్తు సరిచూడటానికి ఓడను చదును బల్ల మీద నిలబెట్టి, చెక్క దిమ్మకు పెన్సిలు కట్టి, ఒకే ఎత్తులో రెండు వైపులా గీత గీయండి. కుడివైపు ఐదో కిటికీ, ఎడమవైపు ఐదో కిటికీ బల్ల నుంచి ఒకే ఎత్తులో ఉన్నాయా చూడండి.

ఇక్కడ ఒక చిన్న సంగతి. అసలు వాసా రెండు వైపులా సమానంగా లేదు. ఓడలో దొరికిన పనివాళ్ల కొలబద్దల్లో రెండు స్వీడిష్ అడుగువి, అంటే 12 అంగుళాలవి. రెండు ఆమ్‌స్టర్‌డామ్ అడుగువి, అంటే 11 అంగుళాలవి. రెండు జట్లు రెండు కొలతలతో పని చేసి ఉంటాయి. ఓడను మొదలుపెట్టిన డచ్ నిపుణుడు హెన్రిక్ హైబర్ట్‌సన్ 1627లోనే చనిపోయాడు. ఇది చదివి "అయితే నా నమూనా వంకరగా ఉన్నా ఫర్వాలేదు" అనుకోకండి. ఆ తేడా వేరు, మన చేతి తప్పు వేరు. 1:75లో సమానంగానే కట్టండి.

6. బద్దల లెక్క వేయండి

ఓడ పొట్ట మధ్యలో చుట్టుకొలత ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ. బద్దల సంఖ్య ఒకటే. కాబట్టి ముక్కు దగ్గర ప్రతి బద్దా సన్నబడాలి.

మధ్య అడ్డ పలక అంచు వెంట కాగితం పట్టీ పెట్టి కొలవండి. 120 మి.మీ. వచ్చిందనుకోండి. బద్ద 5 మి.మీ. కాబట్టి 24 బద్దలు. ముక్కు దగ్గరి పలకకు అదే చోటు నుంచి అదే చోటికి కొలిస్తే 72 మి.మీ. వచ్చిందనుకోండి. 72ను 24తో భాగిస్తే 3. అంటే ప్రతి బద్ద ముక్కు దగ్గర 3 మి.మీ.కు తగ్గాలి. ఇలాగే ప్రతి రెండో పలక మీద కొలిచి, పెన్సిలుతో విభజన గీతలు పెట్టేయండి. ఆ గీతలే మీకు దారి.

బద్దను సగం వెడల్పు కంటే సన్నం చేయకండి. 5 మి.మీ. బద్దకు 2.5 మి.మీ. హద్దు. కొస సూదిలా అయితే నిలబడదు, చూడటానికీ బాగుండదు. లెక్కలో 2 మి.మీ. వస్తే, రెండు బద్దలు చేరే చోట ఒకదాన్ని ముందే ఆపి, పక్క బద్దను వెడల్పు చేసి కలపండి. వెనక భాగంలో దీనికి వ్యతిరేకం జరుగుతుంది, అక్కడ ఖాళీ విచ్చుకుంటుంది. ఆ ఖాళీలో ఒక కొస సన్నగా ఉండే ముక్క చేర్చండి. బద్దలను బలవంతంగా లాగి ఖాళీ మూయకండి.

7. తడపండి, వంచండి, ఆరనివ్వండి

బద్దను గోరువెచ్చని నీళ్లలో 20 నుంచి 30 నిమిషాలు నానబెట్టండి. వేడి ఐరన్ మీద నెమ్మదిగా వంచండి. వంచిన బద్దను హల్‌కే క్లిప్పులతో పట్టించి పూర్తిగా ఆరనివ్వండి. రాత్రంతా ఉంచితే మంచిది.

తడిగా ఉన్నప్పుడే జిగురు పెట్టేయడం రెండో పెద్ద తప్పు. తడి చెక్క ఉబ్బి ఉంటుంది. అంటించిన రోజు సందు ఒక్కటీ కనిపించదు, అందరూ సంతోషిస్తారు. నాలుగు రోజులకు చెక్క ఆరి ముడుచుకుంటే ప్రతి బద్ద పక్కనా వెంట్రుకంత సందు తెరుచుకుంటుంది. సందులకు లప్పం అడిగేవాళ్లను నేను మొదట అడిగేది ఇదే: తడిగా అంటించారా?

ఇంకో సంగతి. బద్ద చదును వైపు వంగినంత తేలిగ్గా పక్క వైపు వంగదు. పక్కకు లాగితే ఒక అంచు పైకి లేస్తుంది. వేళ్లతో బలంగా నొక్కినంత మాత్రాన అది దిగదు. ఆ చోట బద్దను ఇంకా సన్నం చేయాలి. లేదంటే పలక మీద క్లాంపులతో పక్కకు వంచి, వేడి చేసి, ఆరబెట్టి వాడాలి.

8. అంటించడం

1. పై నుంచి మొదలుపెట్టండి. ప్రధాన డెక్ అంచు వెంట మొదటి బద్ద. దీన్ని దూరం నుంచి, ముందు నుంచి, వెనక నుంచి చూసి వంపు సాఫీగా ఉందనిపించాకే అంటించండి. మిగతా అన్నీ దీన్నే అనుసరిస్తాయి.
2. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ఇది గట్టిగా చెబుతున్నాను. నా మొదటి ఓడకు ఒక వైపు పూర్తిచేసి రెండో వైపు మొదలుపెట్టాను. జిగురు ఆరుతూ లాగిన లాగుడుకు వెన్ను విల్లులా వంగింది. బద్దలన్నీ విప్పి, అస్థిపంజరం పారేసి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. నాలుగు నెలల పని అది.
3. పక్క బద్దకు ఆనే లోపలి అంచును కొద్దిగా వాలుగా గీకండి. గుండ్రంగా తిరిగే చోట ఇది చేయకపోతే పైన సందు మిగులుతుంది.
4. జిగురు పలకకూ, పక్క బద్ద అంచుకూ రెండింటికీ పెట్టండి. పల్చగా చాలు. కారింది వెంటనే తడి గుడ్డతో తుడవండి.
5. గుండుసూదిని బద్ద మధ్యలోంచి గుచ్చకుండా అంచు పక్కన గుచ్చి నొక్కి ఉంచండి. ఆరాక తీసేయండి. లోపల వదిలేసిన మేకులు తర్వాత ఉప్పుకాగితాన్ని చింపుతాయి.
6. ఆరేడు బద్దలయ్యాక కింద నుంచి, అంటే వెన్ను దూలం పక్క నుంచి, పైకి రండి. రెండు వైపుల నుంచి వచ్చినవి పొట్ట వంపు కింద కలిస్తే చివరి సర్దుబాటు కంటికి కనిపించని చోట పడుతుంది.

చివరి బద్ద వేసే ముందు లోపల ఒక కాగితం అంటించండి. ఏ జిగురు వాడారు, ఏ చెక్క, ఏ ఏడాది అన్నది దాని మీద రాయండి. ఎప్పుడో ఎవరో ఈ ఓడను బాగుచేయాల్సి వస్తే వాళ్లకు అది చాలా విలువైన సమాచారం.

9. మొదటి పొరను సరిచూడండి

ముందు 120, తర్వాత 180 కాగితంతో పొడవు వెంట రుద్దండి. ఇప్పుడు మూడు పరీక్షలు.

కళ్లు మూసుకుని వేళ్ల కొసలతో ముక్కు నుంచి వెనక దాకా నిమరండి. కంటికి తెలియని ఎత్తుపల్లాలు వేళ్లకు తెలుస్తాయి. గదిలో లైట్లు ఆర్పి, లాంప్‌ను హల్ పక్కనే పెట్టి వెలుతురు ఏటవాలుగా పడేలా చేయండి. గుంటలు నీడలుగా కనిపిస్తాయి. చివరిగా, ఓడను ముక్కు వైపు నుంచి అద్దంలో చూడండి. రోజూ చూసే ఆకారానికి కన్ను అలవాటు పడిపోతుంది. అద్దంలో తిరగబడేసరికి కుడి ఎడమల తేడా పట్టుబడుతుంది.

లప్పం వాడొచ్చా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ. మొదటి పొర మీద వాడొచ్చు, నిరభ్యంతరంగా. అది కనిపించదు. రెండో పొర మీద వాడొద్దు. ఎంత రంగు కలిపినా చెక్క రంగు తర్వాత ముదురుతుంది, లప్పం ముదరదు. రెండో పొరలో సందు వస్తే అదే చెక్క నుంచి పల్చటి చీలిక తీసి, జిగురుతో దూర్చి రుద్దండి.

10. రెండో పొర

మ్యూజియంలో పెట్టే నమూనాకూ, అలంకారానికి పెట్టుకునే బొమ్మకూ తేడా ఇక్కడ మొదలవుతుంది. అసలు ఓడలో ముక్కు నుంచి వెనక దాకా ఒకే బద్ద ఉండదు. అంత పొడవు చెట్టు ఎక్కడిది? 8 మీటర్ల పలక అనుకుంటే 1:75లో సుమారు 10.7 సెం.మీ. కాబట్టి బద్దలను ముక్కలుగా కోసి, అతుకులు అడ్డ పలకల మీద పడేలా, పక్కపక్క వరసల్లో ఒకే చోట రాకుండా వేయండి. రెండు అతుకులు ఒకే నిలువు గీతలో పడాలంటే మధ్యలో కనీసం మూడు వరసలు ఉండాలి.

బద్ద ఒక అంచుకు మెత్తటి పెన్సిలు రుద్ది అంటిస్తే పలకల మధ్య తారు నింపినట్టు సన్నటి గీత వస్తుంది. నల్ల మార్కర్ వద్దు, పాలిష్ పెట్టగానే చెక్కలోకి పాకుతుంది.

తర్వాత హల్ పక్కల పొడవునా పోయే లావు పట్టీలు బిగించండి. ఇవి ఓడ వంపును అందరికీ చూపించే గీతలు. రెండు వైపుల ఎత్తునూ బల్ల మీద నుంచి ప్రతి 10 సెం.మీ.కు కొలవండి. అర మిల్లీమీటరు దాటి తేడా ఉంటే విప్పి మళ్లీ వేయండి.

అడుగున రాగి రేకులు అంటించకండి. ఓడల అడుగుకు రాగి తొడగడం 18వ శతాబ్దం రెండో సగంలో బ్రిటిష్ నౌకాదళంతో వ్యాపించిన పద్ధతి. 1628లో వాసాకు అది లేదు. అలాగే డెక్ మీద చుక్కాని చక్రం కూడా పెట్టకండి. వాసాను చక్రంతో కాదు, నిలువు కర్రతో తిప్పేవారు.

11. రంగులు, శిల్పాలు

వాసా మీద శిల్పాలు, అలంకారాలు కలిపి దాదాపు 700. చాలా పాత నమూనాల్లో వాటి వెనక నేపథ్యం నీలం. ఒకప్పుడు అలాగే అనుకున్నారు. తర్వాత చెక్క మీద మిగిలిన రంగు ఆనవాళ్లను పరిశీలిస్తే ఎరుపు అని తేలింది. మ్యూజియంలో ఉన్న 1:10 నమూనాకు ఎర్ర నేపథ్యమే వేశారు. మీ కిట్ పెట్టె మీద బొమ్మ నీలంగా ఉంటే పెట్టెను కాదు, మ్యూజియాన్ని నమ్మండి.

శిల్పాలన్నింటికీ బంగారు రంగు కొట్టేయడం ఇంకో పొరపాటు. ఆ నమూనాను దగ్గరగా చూడండి. మనుషుల ఒంటి రంగు, బట్టల రంగులు వేరువేరుగా ఉంటాయి. బంగారం కొన్నిచోట్లే. ముక్కు మీద దూకే సింహం అసలు ఓడలో 3 మీటర్లు, మీకు 4 సెం.మీ. ఫిరంగి కిటికీ తలుపుల లోపలి వైపు సింహం ముఖాలుంటాయి. మునిగిన రోజు కింది వరస కిటికీలు తెరిచే ఉన్నాయి, నీళ్లు వచ్చింది వాటిలోంచే. అందుకని తలుపులు తెరిచి బిగిస్తే అందమూ, చరిత్రా రెండూ దక్కుతాయి.

రంగు వేయడం ఇష్టం లేకపోతే చెక్క రంగులోనే వదిలేయొచ్చు. అదీ గౌరవమైన పద్ధతే. కానీ ఈ రోజు మ్యూజియంలో కనిపించే నల్లటి గోధుమ రంగు వేసి "1628 వాసా" అని రాయకండి. ఆ నలుపు నీటి అడుగున శతాబ్దాలు ఉన్నందువల్ల వచ్చింది. ఇనుప మేకులు తుప్పు పట్టి, ఓక్‌లోని టానిన్‌తో కలిసి చెక్క నల్లబడింది.

12. స్తంభాలు, తాళ్లు

ఇక్కడ త్వరగా చెప్పేస్తాను. స్తంభాలు కొస వైపు సన్నబడాలి. గుండ్రటి కర్రను డ్రిల్‌లో పెట్టి తిప్పుతూ ఉప్పుకాగితం పట్టండి. స్తంభాలు మూడు, తెరచాపలు మొత్తం పది. ముందు, పెద్ద స్తంభాలకు మూడేసి, వెనకదానికి రెండు, ముక్కు దూలానికి రెండు. తెరచాపలు విప్పి కట్టాలనుకుంటే, మొదటి ప్రయాణంలో విప్పింది నాలుగే అని గుర్తుంచుకోండి.

తాడు మందాన్ని స్కేలుతో భాగించండి. 75 మి.మీ. తాడు మీకు 1 మి.మీ. దారం. అన్నింటికీ ఒకే దారం వాడితే ఓడ బొమ్మలా కనిపిస్తుంది, కనీసం ఐదు మందాలు పెట్టుకోండి. స్తంభాన్ని పట్టి నిలిపే తాళ్లు ముదురు గోధుమ, ఎందుకంటే వాటికి తారు పూసేవారు. తెరచాపలను లాగే తాళ్లు లేత రంగు. దారానికి తేనెమైనం రాస్తే నూగు అణుగుతుంది.

తాళ్లను వీణ తీగల్లా బిగించకండి. కుడి, ఎడమ తాళ్లను ఒకదాని తర్వాత ఒకటి కట్టండి. ప్రతి జత అయ్యాక ముందు నుంచి చూడండి. స్తంభం ఒక వైపు లాగితే వెంటనే వదులు చేయండి.

13. గాజు పెట్టె

ఎన్నో మంచి నమూనాలు కట్టడంలో కాదు, దాచడంలో పాడవుతాయి. దుమ్ము పడ్డ తాళ్లను తుడవడం దాదాపు అసాధ్యం. కాబట్టి పెట్టె తప్పదు.

పెట్టెను ఓక్‌తోనో ఎమ్‌డీఎఫ్‌తోనో (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే పలక) చేయించకండి. అవి ఆమ్ల ఆవిరిని వదులుతాయి. మీ ఫిరంగులు సీసం కలిసిన లోహంతో పోసినవైతే, మూసిన పెట్టెలో కొన్నేళ్లకు వాటి మీద తెల్లటి పొడి పూస్తుంది. ఆ పొడి విషం, ఒట్టి చేత్తో ముట్టుకోకండి, ఊదకండి. అడుగు పలకకు గాజు లేదా అక్రిలిక్ వాడండి. మూలల్లో చిన్న గాలి రంధ్రాలు పెట్టి సన్నటి గుడ్డతో మూయండి. ఇత్తడి ఫిరంగులు దొరికితే ఈ బాధే ఉండదు.

కొలతలకు నమూనా గరిష్ఠ కొలతల మీద ప్రతి వైపూ కనీసం 5 సెం.మీ. కలపండి. పొడవుకు 102 సెం.మీ. ఎత్తుకు స్తంభం 70 సెం.మీ.తో పాటు స్టాండ్ ఎత్తు, పైన 5 సెం.మీ. వెడల్పు హల్‌ది కాదు, తెరచాప కట్టే అడ్డ కర్రల్లో అతి పొడవైనదాన్ని కొలవండి.

ఎండ తగలని గోడ పక్కన పెట్టండి. వాసా మ్యూజియంలో గాలిలో తేమను సుమారు 55 శాతం దగ్గర నిలకడగా ఉంచుతారు. మీ గదిలో అంత కచ్చితంగా అక్కర్లేదు, కానీ తేమ ఒక్కసారిగా మారకూడదు. ఏసీ గాలి నేరుగా తగిలే చోటా, వంటగది గోడ అవతలా పెట్టకండి. మొదటి ఏడాది ప్రతి నెలా ఒకసారి లాంప్ పట్టుకుని చూడండి. తాళ్లు వదులయ్యాయా, పట్టీల అతుకులు విచ్చుకున్నాయా, ఫిరంగుల మీద తెల్ల మచ్చ కనిపిస్తోందా. ఒక్క మచ్చ కనిపించినా పెట్టె తెరిచి గాలి ఆడనివ్వండి, ఆ ఫిరంగిని మిగతావాటి నుంచి వేరు చేయండి.